కదలని ముల్లు

“పదకొండూ పదికి ముల్లు ఎక్కడుంది సిస్టర్?”

“మధ్యలోనండీ.”

“పదకొండూ ఇరవైకి?”

“అక్కడే.”

“పదకొండున్నరకి?”

హెడ్ నర్సు తెరేసమ్మ బల్ల మీద తెరిచి ఉన్న రిజిస్టరు వైపు చూసింది. మూడు వరసలూ ఆమె చేతిరాతే. మూడు వరసల్లోనూ ఒకటే అంకె. నాలుగో వరసలో అంకె లేదు. ‘11.32. పేషెంటు ఎక్స్‌పైర్డ్’ అని ఉంది. ఆ అక్షరాలు మాత్రం వంకరపోయాయి.

కృపానందం చేతి గడియారం విప్పి రిజిస్టరు పక్కన పెట్టాడు. రెండూ ఐదయింది.

అతను ప్రైవేటు డిటెక్టివ్. అంతకు ముందు పన్నెండేళ్లు మిలిటరీ ఫీల్డు హాస్పిటల్లో నర్సింగ్ ఆర్డర్లీగా పనిచేశాడు. ఆ సంగతి తెలిసే జూట్ మిల్లు మేనేజరు అతన్ని పిలిపించాడు. మిల్లు కార్మికుల కుటుంబాలన్నీ వైద్యానికి వచ్చేది విజయవాడ సూర్యారావుపేటలోని ఈ వేదవల్లి నర్సింగ్ హోంకే. మంగళవారం నాడు ఇక్కడ ఆరో నంబరు గదిలో మిల్లు వాచ్‌మన్ గంగరాజు భార్య పెద్దింట్లమ్మ చచ్చిపోయింది. ముప్ఫై రెండేళ్ల మనిషి. కొల్లేటి చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని నాలుగు మైళ్లు నడిచే మనిషి. ఆపరేషనై మూడో రోజు, ఇక రేపో ఎల్లుండో ఇంటికి పంపుతామన్నాక చచ్చిపోయింది. మర్నాడు మిల్లు గేటు ముందు కార్మికులు కూర్చున్నారు. ఈ ఆస్పత్రి మంచిదో కాదో తేల్చేదాకా తమ ఆడవాళ్లనెవర్నీ పంపబోమన్నారు.

తేల్చడానికే కృపానందం శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఇక్కడికొచ్చాడు. ఏ గదైనా చూడొచ్చు, ఎవర్నయినా అడగొచ్చునని డాక్టర్ వేదవల్లి సంతకం పెట్టిన కాగితం అతని జేబులో ఉంది. అయిదు గంటలపాటు అంగుళం అంగుళం చూశాడు. సూదులు మరగబెట్టే పాత్ర చూశాడు. ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవులో డ్రమ్ములు చూశాడు. మందుల మీద తేదీలు, మెట్ల దగ్గర ఇసక బకెట్లు, రాత్రి డ్యూటీ నర్సుల లెక్క, ఆఖరికి వంటింట్లో నీళ్ల తొట్టి కూడా వదల్లేదు. ఎక్కడా వంక దొరకలేదు.

అదే అతనికి గుబులుగా ఉంది. ఇంత శుభ్రంగా ఉన్న చోట ఆ మనిషి ఎందుకు పోయినట్టు?

“నిండు సిలిండరేనా అది?” అడిగాడు.

“కొత్తదండీ. మీటరు బిగించే ఉంది, మూత మీద సీలు నేనే తీశాను.”

“నిండుదైతే ముల్లు కుడి చివర ఉండాలి కదా?”

“మీటరు పాతదండీ. తప్పు చూపిస్తోందనుకున్నాను. గాలి మాత్రం బాగానే వచ్చింది. నీళ్ల సీసాలో బుడగలు కనబడ్డాయి.”

“ఇరవై నిమిషాలు గాలి పోయింది. చిన్న సిలిండరు. ముల్లు ఒక్క గీతయినా దిగాలా వద్దా?”

తెరేసమ్మ పెదవి కొరుక్కుంది. నలభై ఏళ్లు దాటిన మనిషి. గుంటూరు మిషన్ ఆస్పత్రిలో ట్రైనింగయింది. కన్నీళ్లు వస్తున్నా గొంతు మాత్రం డ్యూటీలో ఉన్నట్టే ఉంది.

“ఆవిడకి ఉబ్బసం ఉందండీ. ఆ పూట ఆయాసం వచ్చింది. ఆక్సిజన్ పెట్టాక తగ్గాలి కదా, ఎక్కువైంది. మొహం ఎర్రగా కందిపోయింది. గాలి చాలట్లేదనుకుని ఇంకాస్త తిప్పాను. ఇంకా ఎగశ్వాస. మళ్లీ తిప్పాను.” ఆగింది. “తిప్పింది నేనేనండీ. ఈ చేత్తోనే.”

కృపానందం ఆ చేతి వైపు చూడలేదు. రిజిస్టరులో అంకె వైపే చూస్తూ, “ఆ గదిలో ఇంకెవరున్నారు?” అన్నాడు.

“ఆయా రావమ్మ.”

రావమ్మ గుమ్మం పక్కనే ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో, పిలవకముందే లోపలికొచ్చింది.

“మూడు రోజులైంది బాబూ. పోలీసులొచ్చారు, పెద్ద డాక్టర్లొచ్చారు. నన్నొక్కరూ అడగలా. ఆయాని కదా, నాకేం తెలుస్తదనుకున్నారు” అంది.

“నేనడుగుతున్నాను రావమ్మగారూ. మీరేం చూశారు?”

ఆ ‘గారూ’ విని రావమ్మ కొంగు సర్దుకుంది.

“గొట్టం పెట్టిన నిమిషానికే ఆవిడ దాన్ని పీకెయ్యబోయిందండి. ‘అక్కా, ముక్కులో చుర్రుమంటంది, సోడా పోసినట్టుంది’ అంది. నేనే చెయ్యి పట్టుకుని, ‘ఉంచుకో తల్లీ, ప్రాణం నిలబెట్టే గాలి’ అన్నా. ఆ తర్వాత మాట్లాడలా.”

“సోడా అందా? సరిగ్గా ఆ మాటే అందా?”

“ఆ మాటే. ఇంకోటి కూడా ఉంది బాబూ. సిలిండరు మూతికి తెల్లగా మంచు పట్టింది. తడిబట్టతో తుడిచా. మళ్లీ పట్టింది. ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంది. ఈ ఎండల్లో మంచేంటా అనుకున్నా.”

కృపానందం నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. కదలని ముల్లు, సోడా ఘాటు, మూతికి మంచు. మూడూ విడివిడిగా చూస్తే ఏమీ లేదు. కలిపి చూస్తే...

“ఆ సిలిండరు ఇప్పుడెక్కడుంది సిస్టర్?”

“వెనక స్టోరు గదిలో. వాపసు పంపాల్సినవాటితో పాటు పెట్టించాను.”

“పదండి.”

“ఎక్కడికయ్యా పదేది?”

గుమ్మం నిండా ఖాకీ. ఇన్‌స్పెక్టర్ వెంకటకృష్ణారావు చంకలో లాఠీతో నిలబడి ఉన్నాడు. పెద్దింట్లమ్మ చావు మీద వచ్చిన ఫిర్యాదుని ఒక్క పూటలో మూసేసిన మనిషి ఆయనే. కృపానందమంటే ఆయనకి మొదట్నుంచీ కిట్టదు. పోలీసులు తాళం వేసిన చోటల్లా వీడు తలుపు తడతాడని ఆయన కోపం.

“స్టోరు గదికి, ఇన్‌స్పెక్టరుగారూ.”

“అక్కర్లేదు. కేసు అయిపోయింది. ఆ మనిషి గుండె ఆగి చచ్చిపోయింది. డాక్టరు రాసిచ్చింది.”

“గుండె ఆగకుండా చచ్చినవాళ్లని మీరెక్కడైనా చూశారా? ఎందుకాగిందన్నదే నేనడిగేది.”

ఇన్‌స్పెక్టరు మొహం గంటు పెట్టుకున్నాడు. “చూడు కృపానందం. ఇదే మేడ మీద మా అమ్మ ఉంది. ఇవాళ నాలుగింటికి పిత్తాశయంలో రాయి తీస్తున్నారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఇప్పుడు నువ్వు వీళ్లని గుచ్చిగుచ్చి అడిగి ఏడిపిస్తే, ఆ చేతులే వణుక్కుంటూ మా అమ్మ ఆపరేషన్‌కి కత్తెరలందిస్తాయి. ఫిర్యాదు వచ్చిననాడే స్టోరు తాళంచెవి తీసుకున్నాను, అది నా జేబులోనే ఉంది. నీ తనిఖీ ఏదో రేపు చేసుకో.”

“రేపటిదాకా ఆగే విషయం కాదిది.”

“అయితే నీ దగ్గరేముందో చెప్పు. సాక్ష్యం ఉందా?”

“ఒక ఆయా చెప్పిన మాట ఉంది.”

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. రావమ్మ తల దించుకుంది.

అప్పుడే డాక్టర్ వేదవల్లి మెట్లు దిగి వచ్చింది. యాభై ఏళ్ల పొట్టి మనిషి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని తుడుచుకుంటోంది. “వెంకటకృష్ణారావుగారూ, ఇప్పుడే ఎలక్ట్రిసిటీ ఆఫీసు నించి ఫోనొచ్చింది. ఇవాళ నాలుగు నించి ఆరు దాకా కరెంటు కట్‌ట. దీపాల్లేకుండా పొట్ట తెరవలేను. ఇప్పుడే మొదలుపెట్టేస్తాను. అమ్మగారిని థియేటర్లోకి తీసుకెళ్లమన్నాను” అంది.

కృపానందం బల్ల మీది గడియారం చూశాడు. రెండూ ఇరవై.

“డాక్టరుగారూ, థియేటర్లో ఏ సిలిండరుంది?”

“కొత్తదే. నిన్న మెకానిక్ వచ్చి టెస్టు చేసి తనే బిగించి వెళ్లాడు. ఏం?”

“మత్తు ఎప్పుడిస్తారు?”

“ఇంకో పావుగంటలో. ముందు కాసేపు ఆక్సిజనిచ్చి, తర్వాత ఈథర్.”

“ఒక్క అయిదు నిమిషాలు ఆపగలరా?”

“ఆపనక్కర్లేదమ్మా. మీరు వెళ్లండి” అని ఇన్‌స్పెక్టరు ఇద్దరి మధ్యకీ వచ్చాడు. డాక్టరు ఒకసారి వీళ్లిద్దర్నీ మార్చి మార్చి చూసి, గోడ గడియారం చూసుకుని, గబగబా పైకి వెళ్లిపోయింది. ఆమె వెనకే ఇన్‌స్పెక్టరూ వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ లాఠీ కొనతో కృపానందం ఛాతీ మీద తట్టి, “గీత దాటకు” అన్నాడు.

కృపానందం పళ్లు బిగపట్టి నిలబడ్డాడు. పైకి పరిగెత్తి అరిస్తే వింటారా? వినరు. గేటు దగ్గరున్న ముగ్గురు కానిస్టేబుళ్లు అతన్ని ఎత్తి బయట పారేస్తారు. చేతిలో రుజువుండాలి. అది స్టోరులో ఉంది. తాళంచెవి ఇన్‌స్పెక్టరు జేబులో ఉంది.

“సార్.” తెరేసమ్మ మెళ్లో సిలువతో పాటు వేలాడుతున్న చిన్న తాళంచెవి పైకి తీసింది. “స్టోరుకి రెండో తాళంచెవి హెడ్ నర్సు దగ్గరుంటుందండీ. ఇది ఆయనకి తెలీదు.”

*

స్టోరు గది వెనక వరండా చివరుంది. రెండూ ఇరవై అయిదుకి తలుపు తెరిచారు. గోడకి ఆనించి అయిదు సిలిండర్లు. అన్నిటికీ నల్లటి ఒళ్లు, తెల్లటి భుజాలు. ఆక్సిజన్‌కి వేసే రంగులే.

“ఏది?”

“చివరిది.”

కృపానందం మోకాళ్ల మీద కూర్చున్నాడు. మిగతా నాలుగింటి మీదా రంగు పెచ్చులూడి ఉంది. దీని మీద కొత్తగా మెరుస్తోంది. జేబులోంచి చాకు తీసి అడుగున గీకాడు. నలుపు కింద బూడిద రంగు బయటపడింది.

తర్వాత మూతి చూశాడు. సిలిండరుకీ మీటరుకీ నడుమ బొటనవేలంత ఇత్తడి ముక్క బిగించి ఉంది. పక్క సిలిండర్ల మూతులు చూశాడు. వాటికలాంటి ముక్క లేదు.

“ఇదేంటి సిస్టర్?”

“ఎప్పుడూ చూడలేదండీ.”

“నేను చెప్తాను. ఆక్సిజన్ మీటరు ఆక్సిజన్ సిలిండరుకే పడుతుంది. వేరే గాలిది తెచ్చి పెడితే మర కలవదు. పొరపాటు జరక్కుండా అలా చేస్తారు. ఆ మర కలపడానికే ఈ ముక్క. లేతు మీద కొత్తగా తిప్పించినది. చూడండి, ఆకురాయి గీతలింకా చెరగలేదు.” లేచాడు. “అగరొత్తి కావాలి. త్వరగా.”

తెరేసమ్మ పరుగెత్తి, కౌంటరు మీద దేవుడి పటానికి వెలిగించిన అగరొత్తుల్లోంచి ఒకటి పీక్కొచ్చింది. కృపానందం ముందు పక్క సిలిండరు మూత కొంచెం తిప్పి, మిగిలిన కాస్త గాలి వచ్చే చోట అగరొత్తి పట్టాడు. నిప్పు కణం భగ్గుమని తెల్లగా మండింది. మూత కట్టేశాడు. మంట ఊదేసి, ఎర్రటి కణంతోనే దాన్ని చివరి సిలిండరు ముందు పెట్టి తిప్పాడు.

బుస్సుమంది. కణం ఆరిపోయింది. పొగ కూడా లేదు.

కృపానందం ముందుకు వంగి, ఆ గాలిని ఒక్కసారి ముక్కుతో లాగి చూశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చుర్రుమంది.

“సోడా గ్యాసు. సోడా ఫ్యాక్టరీల్లో సీసాల్లోకి ఎక్కించే గాలి. ఆ బూడిద రంగు దాని సిలిండరుకి వేసేదే. లోపల నీళ్లలా ఉంటుంది. ఎంత వాడినా పైన మళ్లీ అంతే నిండుతుంది. అందుకే ముల్లు కదల్లేదు. నీళ్లు గాలి అవుతుంటే చల్లబడుతుంది. అందుకే మంచు. పెద్దింట్లమ్మ నిజమే చెప్పింది. ఆవిడ మాట ఎవరూ వినలేదు.”

తెరేసమ్మ తన చేతిని చూసుకుంది. “అయితే... నేను తిప్పిన కొద్దీ...”

“సిస్టర్, ఇప్పుడు కాదు. తర్వాత ఏడుద్దురు గాని. నా మాట వినండి. సిలిండరు మారిపోవడం పొరపాటున జరగొచ్చు. ఇత్తడి ముక్క పొరపాటున తయారవదు. ఎవరో కావాలని చేశారు. చేసినవాడే నిన్న థియేటర్లో ఇంకోటి బిగించి వెళ్లాడు.”

రెండూ ముప్ఫై మూడు. ఇద్దరూ మెట్ల వైపు పరుగెత్తారు.

*

థియేటరు తలుపు ముందు ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ తిరుగుతున్నాడు. కృపానందాన్ని చూడగానే చెయ్యి చాపి కాలరు పట్టుకున్నాడు.

“చెప్పానా లేదా?”

“లోపలున్నది ఆక్సిజన్ కాదు! మీ అమ్మగారు...”

“నోరుముయ్!”

కృపానందాన్ని గోడకి నొక్కి పట్టాడు. ఊపిరాడలేదు. కాని ఇన్‌స్పెక్టరు ఒక మనిషినే పట్టుకోగలడు. తెరేసమ్మ ఆయన మోచేతి కిందుగా దూరి, భుజంతో తలుపు నెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

బల్ల మీద ఇన్‌స్పెక్టరు తల్లి బుల్లెమ్మగారు పడుకుని ఉంది. మత్తు డాక్టరు రబ్బరు మాస్కు మొహం మీద ఆనించి, “గట్టిగా పీల్చండమ్మా” అంటున్నాడు. ఆవిడ తల అటూ ఇటూ విదిలిస్తోంది. తెరేసమ్మ ఆవిడ వైపు చూడలేదు. మీటరు చూసింది. ముల్లు సరిగ్గా మధ్యలో ఉంది. దాని కింద ఇత్తడి ముక్క మెరుస్తోంది.

ఒక్క అంగలో వెళ్లి మాస్కు లాగి నేలకేసి కొట్టింది.

“సిస్టర్!” డాక్టర్ వేదవల్లి కేక పెట్టింది.

“నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యండి మేడం. ఆ గాలి మాత్రం పెట్టొద్దు.”

బుల్లెమ్మగారు ఎగశ్వాసతో లేచి కూర్చోబోయింది. మొహం కందగడ్డలా ఉంది. “ఏం గాలే అది... ముక్కు మండిపోతోంది... కృష్ణా!” అని పిలిచింది.

ఆ పిలుపుకి ఇన్‌స్పెక్టరు చేతులు వాటంతటవే వదులయ్యాయి.

కృపానందం గొంతు తడుముకుంటూ లోపలికి తొంగిచూసి, “ఆ సిలిండరు వరండాలోకి దొర్లించండి. లోపల ఈథరుంది, నిప్పు వెలిగించకూడదు” అన్నాడు.

వరండా చివర, కిటికీ దగ్గర, ఇన్‌స్పెక్టరు కళ్లముందే అగరొత్తి వెలిగించాడు. సిలిండరు తిప్పాడు. ఆరిపోయింది. ఇన్‌స్పెక్టరు అగ్గిపెట్టె లాక్కుని తనే ఓ పుల్ల గీసి పట్టాడు. అదీ ఆరిపోయింది. రెండో పుల్ల గియ్యబోతే చేతిలోనే విరిగింది.

“ఇంకో రెండు నిమిషాలైతే...” అన్నాడు.

“అవును” అన్నాడు కృపానందం. అంతకంటే కటువుగా అనాలనుకున్నాడు గాని, ఆ విరిగిన పుల్ల చూశాక మానుకున్నాడు.

*

మూడింటికల్లా బుల్లెమ్మగారు తన గదిలో పడుకుని మజ్జిగ అడుగుతోంది. కింద ఆఫీసు గదిలో డాక్టర్ వేదవల్లి రిజిస్టర్లన్నీ బల్ల మీద పడేసింది. ఆవిడకి కోపం, సిగ్గు, భయం మూడూ కలిసి వస్తున్నాయి.

“నెలనెలా తనిఖీ చేయిస్తానండీ. ఏ లోటూ రాకూడదని మెకానిక్‌ని ప్రత్యేకంగా పెట్టుకున్నాను. ఇదిగో చూడండి, సంతకాలు.”

కృపానందం ఆ పుస్తకం తెరిచాడు. ప్రతి పేజీలోనూ గుండ్రటి అక్షరాలు. ‘పరీక్షించాను. సురక్షితం.’ సోమవారం ఒక సంతకం. నిన్న గురువారం ఇంకొకటి.

అతను పొద్దున ఇదే పుస్తకం చూసి తన కాగితం మీద ‘బాగుంది’ అని టిక్కు పెట్టుకున్నాడు. జేబులోంచి ఆ కాగితం తీసి ఆ టిక్కు కొట్టేశాడు.

“డాక్టరుగారూ, సోమవారం ఇతను సిలిండరు ఎక్కడ పెట్టి వెళ్లాడు?”

“థియేటర్లో.”

“మంగళవారం పదకొండింటికి థియేటర్లో ఎవరికి ఆపరేషన్?”

డాక్టరు ఇన్‌స్పెక్టరు వైపు చూసింది. “బుల్లెమ్మగారికే. తెల్లారేసరికి జ్వరం తగిలిందని ఇవాళ్టికి మార్చాను.”

“అప్పుడు ఆరో గదిలో పెద్దింట్లమ్మకి ఆయాసమొచ్చింది. థియేటర్లో వాడకుండా ఉన్న సిలిండరే కదా అని సిస్టర్ అక్కడికి పట్టుకెళ్లింది. పెద్దింట్లమ్మకి శత్రువుల్లేరు ఇన్‌స్పెక్టరుగారూ. ఆవిడ మీ అమ్మగారి చావు చచ్చిపోయింది. మెకానిక్ పేరేమిటి?”

“కాశీరావు” అంది డాక్టరు. “నెమ్మదస్తుడు. ఎడం చేతికి రెండు వేళ్లు తిన్నగా రావు.”

కుర్చీ కిర్రుమంది. ఇన్‌స్పెక్టరు కూలబడ్డాడు.

“ఆ వేళ్లు ఎలా పోయాయో మీకు తెలుసనుకుంటా” అన్నాడు కృపానందం.

ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మాట్లాడినప్పుడు ఆ గొంతు ఎవరిదో అన్నట్టుంది.

“రెండేళ్లయింది. రైసుమిల్లులో మోటారు పోయింది. వాడక్కడ ఫిట్టరు. అనుమానం మీద లాక్కొచ్చాను. ఆ వేళ్లు నా లాఠీ దెబ్బకే విరిగాయి. పెళ్లానికి నెలలు నిండాయి, నొప్పులొస్తున్నాయి, ఒక్క గంట వదలండి, ఆస్పత్రిలో చేర్చి వచ్చి మళ్లీ కూర్చుంటానన్నాడు. అందరూ అలాగే అంటారు. నేను... నేను నమ్మలేదు. పొద్దున వదిలాను. ఆ మోటారు తర్వాత మిల్లు ఓనరు బావమరిది ఇంట్లోనే దొరికింది.”

“భార్య?”

“తల్లీ బిడ్డా ఇద్దరూ.”

తెరేసమ్మ సిలువ గుర్తు వేసుకుంది.

కృపానందం పుస్తకం అట్టలో గుచ్చి ఉన్న చిన్న కార్డు బయటికి లాగాడు. ‘కె. కాశీరావు, ఆస్పత్రి సామాను రిపేరు’. కింద ఫోన్ నంబరు. ఆటోనగర్‌లో లేతు షాపుదని పక్కనే రాసి ఉంది. ఫోన్ దగ్గరికి లాక్కుని తిప్పాడు.

“హలో, ఎవరండీ?”

“వేదవల్లి నర్సింగ్ హోం నించి. కాశీరావు ఉన్నాడా?”

“లేడండి. నేను బసవయ్యని, షాపు ఓనర్ని. ఏదైనా చెప్పాలాండి?”

“బొటనవేలంత ఇత్తడి కప్లింగులు, లోపలొక మర, బయటొక మర. మీ షాపులోనే తిప్పాడా?”

“అవునండి, నా లేతు మీద తనే తిప్పుకున్నాడు. మంచి పనివాడండి.”

“ఎన్ని తిప్పాడు?”

“మూడండి.”

కృపానందం వేళ్లు రిసీవరు మీద బిగుసుకున్నాయి. “మూడా? సరిగ్గా గుర్తుందా?”

“భలేవారే. ఇత్తడి కడ్డీ కోసిచ్చింది నేనే కదండి. మూడోది పొద్దునే గుడ్డసంచిలో వేసుకుని, చిన్న సిలిండరొకటి బస్సు టాపు మీద ఎక్కించుకుని వెళ్లాడు.”

“ఎక్కడికి?”

“పామర్రండి. అక్కడేదో పురుళ్ల ఆస్పత్రిలో సిలిండర్లు చూడాలన్నాడు.”

కృపానందం రిసీవరు పెట్టేసి విన్నది విన్నట్టు చెప్పాడు. చెప్తూనే ఇన్‌స్పెక్టరు మొహం చూసి ఆగిపోయాడు. అంతటి మనిషి మొహంలో నెత్తురుచుక్క లేదు.

“మా అమ్మాయి” అన్నాడు. “తొలిచూలు. అమ్మకి ఆపరేషనని పుట్టింటికి తీసుకురాలేదు. అల్లుడిది పామర్రు. మొన్న ఆదివారమే అక్కడ చేర్చారు.”

“ఫోనుందా ఆ ఆస్పత్రికి?”

ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోన్ మీద పడ్డాడు. “ట్రంకు... పోలీసు ఇన్‌స్పెక్టర్ని మాట్లాడుతున్నాను. పామర్రుకి లైట్నింగ్ కాల్, అన్నిటికంటే ముందు కలపండి. లైట్నింగ్!” నంబరు చెప్పేటప్పుడు రెండుసార్లు తప్పు చెప్పాడు. మూడోసారి కృపానందం ఆయన చేతిలోంచి రిసీవరు తీసుకుని తనే చెప్పాడు.

మూడూ పన్నెండు. మూడూ పధ్నాలుగు. లైన్లో గరగర. అవతల గంట మోగుతోంది. మోగుతోంది. ఎవరో ఎత్తారు.

“పురుళ్ల ఆస్పత్రేనా? డాక్టర్ని పిలవండి, అర్జెంటు.”

“డాక్టరమ్మగారు పక్కూరు కేసుకెళ్లారండి. నర్సమ్మలు లోపలున్నారు.” మగగొంతు. తొందరేం లేదు. “మీరెవరండి?”

“విజయవాడ నించి. మీరెవరు?”

“కాశీరావునండి.”

కృపానందం అరచేత్తో రిసీవరు మూయలేదు. మూస్తే ఆ మనిషికి తెలిసిపోతుంది. చెయ్యి గాల్లోకెత్తి ఇన్‌స్పెక్టరుకి సైగ చేశాడు. ఆయన దగ్గరికొచ్చి చెవి ఆనించాడు.

“కాశీరావూ, నా పేరు కృపానందం. రెండు ఇత్తడి ముక్కలు నా ముందున్నాయి. బుల్లెమ్మగారు క్షేమంగా ఉన్నారు. పెద్దింట్లమ్మ లేదు. ఆమెకి ఇద్దరు పిల్లలు.”

“తెలుసండి. మర్నాడే తెలిసింది. ఆవిడ పాపం నాదే. కాదననండి” అన్నాడు.

“తెలిసీ నిన్న మళ్లీ వెళ్లావా?”

“వెళ్లానండి. మొదలెట్టిన పని కదండి.” గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది. “ఇన్‌స్పెక్టరుగారు పక్కనున్నారా? ఊపిరి వినబడుతోంది.”

ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడ్డాడు.

“ఆయనతో చెప్పండి. అమ్మాయికి పొద్దుట్నించి నొప్పులండి. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారు. అమ్మాయి నీరసపడిపోయింది. నర్సమ్మ ఇప్పుడే వచ్చి ఆక్సిజన్ బిగించమని చెప్పి వెళ్లిందండి. రెండు సిలిండర్లున్నాయిక్కడ. ఒకటి వాళ్లది, ఒకటి నాది. ఏది బిగించమంటారో ఆయన్నే అడగండి.”

కృపానందం నోరు తెరిచే లోపలే రిసీవరు ఇన్‌స్పెక్టరు చేతిలో ఉంది. ఆయన గుంజుకోలేదు. రెండు చేతులతో అందుకున్నాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో లాకప్పులోని మనిషిని ‘ఒరేయ్’ అని తప్ప పిలవని ఆ మనిషి ఫోన్ ముందు వంగాడు.

“కాశీరావుగారూ...” అన్నాడు.

అవతల రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత సిమెంటు నేల మీద సిలిండరు దొర్లుతున్న శబ్దం, లోపలి గది వైపు.

ఏ సిలిండరో ఈ చివర ఉన్నవాళ్లెవరికీ తెలీదు.